గౌరవం తెలిసిన వైద్యం: నాయకత్వమూ సమష్టి కృషీ

(పట్టిసీమలో ఆరోగ్య కార్యకర్తలు, మస్జిద్ కమిటీల బాధ్యులు, కుటుంబ సభ్యులు పాల్గొన్న సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ సభ పట్టిసీమలో జరగడం సముచితంగా ఉంది. ఎగువన పాపికొండల నడుమ లాంచీ ప్రయాణమే ఆధారమైన కోయ, కొండరెడ్డి పల్లెలున్నాయి. దిగువన ధవళేశ్వరం ఆనకట్ట దాటితే కాలువల కింద పచ్చని డెల్టా ఉంది. గోదావరి మధ్యనున్న వీరభద్రస్వామి కొండకు శివరాత్రి నాడు వేలాది జనం పడవల్లో వెళతారు. ఇన్ని రకాల జనం కలిసే ఈ రేవు దగ్గర ఆసుపత్రి గురించి మాట్లాడుకోవడమంటే, ఒక్క ముస్లిముల గురించే కాక, తనకు అలవాటు లేని గదిలోకి భయపడుతూ అడుగుపెట్టే ప్రతి రోగి గురించీ మాట్లాడుకోవడమే.

నాకు అప్పగించిన విషయం వైద్యంలో సాంస్కృతిక అవగాహన, దానికి కావలసిన నాయకత్వం, బృంద కృషి. మాట పెద్దదే కాని అర్థం సులభం. రోగి శరీరంతో పాటు అతని విశ్వాసం, భాష, మర్యాద, భయం, కుటుంబం కూడా ఆసుపత్రికి వస్తాయి. వాటిని గుర్తించి, చికిత్సకు లోటు రాకుండా, వాటికి తగిన చోటు ఇవ్వగల శక్తినే సాంస్కృతిక అవగాహన అంటున్నాము. అది ఒక్క డాక్టరు మంచితనం మీద ఆధారపడితే ఆ డాక్టరు బదిలీ అయిన రోజే పోతుంది. ఆసుపత్రి పద్ధతిగా మారితేనే నిలుస్తుంది. ఈనాటి నా ప్రసంగ సారాంశం ఇంతే.

మన ప్రాంతపు ప్రత్యేకతను ముందు గమనించాలి. ఉభయ గోదావరి జిల్లాల జనాభాలో ముస్లిములు నూటికి ఇద్దరు ముగ్గురికి మించరు. కర్నూలులోనో, కడపలోనో పనిచేసే నర్సు రోజూ ముస్లిం రోగులను చూస్తుంది. వారి అలవాట్లు ఎవరూ నేర్పకపోయినా ఆమెకు తెలిసిపోతాయి. ఇక్కడి నర్సుకు ఆ అవకాశం తక్కువ. అందుచేత మనకు ఎదురయ్యే ఇబ్బందుల్లో చాలా భాగం ద్వేషం వల్ల కలిగేవి కావు, పరిచయం లేకపోవడం వల్ల కలిగేవి. ద్వేషం వల్ల కలిగే వాటిని ఎదుర్కోవడానికి చట్టం ఉంది. పరిచయలేమికి మందు శిక్షణ, సంభాషణ. ఏది దేనివల్ల జరిగిందో తేల్చుకోకుండా ప్రతిదానికీ ఒకే మందు వేస్తే రోగం తగ్గదు.

మూడు సందర్భాలు మీ ముందుంచుతాను. వీటిలో ఏ ఒక్కటీ మీకు కొత్త కాదు. మొదటిది, తొలి కాన్పుకు వచ్చిన గర్భిణి. ఆ గదిలో ఇద్దరు మగవాళ్లున్నారు, తలుపుకు తెర లేదు. ఆమె పరీక్ష వద్దని ఇంటికి తిరిగి వెళ్లిపోతుంది. ఓపీ చీటీ మీద "రోగి సహకరించలేదు" అని రాస్తారు. రెండవది, షుగర్ వ్యాధి ఉన్న పెద్దాయన. రమజాన్‌లో రోజా ఉంటున్న సంగతి డాక్టరుకు చెప్పడు, చెబితే కోప్పడతారని భయం. మాత్రలు మాత్రం పాత వేళలకే వేసుకుంటాడు, లేదా పూర్తిగా మానేస్తాడు. సాయంకాలానికి స్పృహ తప్పుతాడు. మూడవది, రోడ్డు ప్రమాదంలో మరణించిన యువకుడు. వీలైనంత త్వరగా ఖననం చేయాలన్న తపనతో కుటుంబం మార్చురీ బయట నిలబడి ఉంటుంది. ఎప్పుడు పంచనామా, ఎప్పుడు పోస్టుమార్టం అన్నది చెప్పే మనిషే ఉండడు. మొదటి సందర్భంలో తల్లి, బిడ్డల ప్రాణాలకు ముప్పు ఉంది. రెండవ సందర్భంలో ప్రాణానికి ముప్పు ఉంది. మూడవ సందర్భంలో ప్రాణం లేదు కాని ఒక కుటుంబానికి ఆసుపత్రి మీద ఉన్న నమ్మకం అక్కడే చనిపోతుంది. నమ్మకం పోయిన కుటుంబం తరువాత జ్వరం వచ్చినా ఆలస్యంగానే వస్తుంది.

ఈ సందర్భాల్లో మనం అడిగేది దయా దాక్షిణ్యం కాదు. రాజ్యాంగంలోని 21వ అధికరణం జీవించే హక్కును ఇచ్చింది. ప్రమాదంలో గాయపడినవారికి పోలీసు లాంఛనాల కోసం ఆగకుండా చికిత్స చేయవలసిందేనని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అత్యవసర వైద్యం అందించకపోవడం జీవించే హక్కును ఉల్లంఘించడమేనని 1996లో పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో తీర్పు ఇచ్చింది. రోగికి అర్థమయ్యేలా వివరించి తీసుకున్న సమ్మతే సమ్మతి అని 2008లో సమీరా కోహ్లీ కేసులో స్పష్టం చేసింది. జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో 17 హక్కులతో రోగుల హక్కుల పత్రాన్ని రూపొందించింది. మతం, కులం, భాష వంటి ఏ కారణంతోనూ చికిత్సలో వివక్ష చూపరాదని అందులో ఉంది. పురుష వైద్యుడు స్త్రీని పరీక్షించేటప్పుడు మరో స్త్రీ పక్కన ఉండేలా చూడటం ఆసుపత్రి యాజమాన్యం విధి అని కూడా ఉంది. మృతదేహాన్ని బిల్లు కట్టలేదన్న సాకుతో ఆపరాదనీ ఉంది. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2019లో ఈ పత్రాన్ని అమలు చేయవలసిందిగా రాష్ట్రాలను కోరింది. ఇందులో ముస్లిముల కోసం ప్రత్యేకంగా రాసినది ఒక్క అక్షరం లేదు. అందరికీ రాసినదే అమలైతే మన ఇబ్బందుల్లో సగం తీరుతాయి.

ఇది నిన్న మొన్న పుట్టిన ఆలోచన కూడా కాదు. మన తీరాంధ్ర అప్పట్లో మద్రాసు రాజధానిలో భాగం. పురుష వైద్యుల దగ్గరకు వెళ్లలేక కాన్పుల్లో స్త్రీలు చనిపోవడం చూసి చలించిన మేరీ షార్లీబ్ అనే ఆంగ్ల వనిత 1875లో మద్రాసు వైద్య కళాశాలలో చేరింది. ఆమెతో పాటు మరి ముగ్గురు స్త్రీలకు ప్రవేశం ఇచ్చారు. 1885లో మద్రాసులో స్త్రీల కోసం నెలకొన్న ఆసుపత్రి పేరులోనే "ఘోషా" అన్న మాట ఉంది. నేటికీ తిరువల్లిక్కేణిలోని ఆ ఆసుపత్రిని ఘోషా ఆసుపత్రి అనే పిలుస్తారు. మన విశాఖపట్నంలోని విక్టోరియా ఆసుపత్రినీ, విజయనగరంలోని ప్రభుత్వ ఆసుపత్రినీ జనం ఘోషా ఆసుపత్రులనే అంటారు. గుంటూరుకు 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ మొదట చిన్న వైద్యశాలతో ప్రారంభించి 1898లో ఆసుపత్రి నెలకొల్పింది. ఆమె క్రైస్తవ మిషనరీ.

ఘోషా ఆసుపత్రుల చరిత్రలో మనకు రెండు పాఠాలున్నాయి. స్త్రీలు రావడం లేదన్నప్పుడు "వీళ్లకు బుద్ధి లేదు" అని ఊరుకోకుండా, "మన ఆసుపత్రిలో ఏమి లోపం ఉంది?" అని అడిగిన మనుషులు ఉన్నారు. నాయకత్వం అంటే ఆ ప్రశ్న అడగడమే. రెండవది, ప్రశ్న అడిగిన డాక్టరు ఒక్కరే ఆసుపత్రిని నడపలేదు. నర్సులు, మంత్రసానులు, దుబాసీలు, వంటవాళ్లు, పల్లకీ మోసిన బోయీలు అందరూ ఆ మర్యాదను పాటించినప్పుడే పరదా చాటు స్త్రీ గడప దాటి లోపలికి వచ్చింది. ఎక్కడ ఒక్కరు తప్పినా ఆమె వెనక్కి వెళ్లిపోయేది. ఆ ఆసుపత్రుల్లో సేవ పొందినవారు ముస్లిం స్త్రీలే కారు. ఘోషా పాటించిన హిందూ కుటుంబాలవారూ ఉన్నారు. ఒకరి కోసం వేసిన తెర అందరికీ ఉపయోగపడింది.

ఇక మన కాలంలో జరిగిన గొప్ప ఉదాహరణకు వస్తాను. 2002లో మన దేశంలో 1600 పోలియో కేసులు నమోదైతే అందులో 1242 ఒక్క ఉత్తరప్రదేశ్‌లోనివే. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లోని ముస్లిం బస్తీల్లో చాలామంది తల్లిదండ్రులు చుక్కల మందు నిరాకరించారు. ఆ చుక్కలు వేస్తే పిల్లలు పుట్టరన్న పుకారు బలంగా ఉండేది. దీనిని కేవలం అజ్ఞానం అనుకుంటే పొరపాటు. తమ వీధికి మురుగు కాలువ వేయని ప్రభుత్వం, తమ బిడ్డకు విరేచనాలైతే పట్టించుకోని ఆసుపత్రి, ఈ ఒక్క మందు కోసం పదే పదే తలుపు ఎందుకు తడుతోందన్నది వారి అనుమానం. ఆ అనుమానం వెనుక అనుభవం ఉంది.

బలవంతం పనిచేయలేదు. అప్పుడు పద్ధతి మార్చారు. యూనిసెఫ్, స్వచ్ఛంద సంస్థలు, ప్రభుత్వం కలిసి ఆ వీధుల స్త్రీలనే కార్యకర్తలుగా నియమించి శిక్షణ ఇచ్చారు. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం, జామియా మిల్లియా ఇస్లామియా, జామియా హమ్‌దర్ద్ వంటి సంస్థలు తోడు నిలిచాయి. ఉలమా విజ్ఞప్తులు చేశారు. ఇమాములు మస్జిద్ మైకులో చుక్కల మందు రోజును ప్రకటించారు. కార్యకర్తలు పోలియో ఒక్కటే కాక తల్లిపాలు, చేతుల శుభ్రత, ఇతర టీకాల గురించి కూడా మాట్లాడారు. 2010 ఆరంభంలో మెరుగైన టీకా కూడా అందివచ్చింది. 2009లో 741 కేసులు, 2010లో 42, 2011లో ఒకే ఒక్కటి. ఆ చివరి కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో నమోదైంది. 2014 మార్చి 27న మన దేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతం పోలియో రహితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది.

ఈ విజయం ఎవరిదో ఆలోచించండి. డాక్టరుకు టీకా తెలుసు, వీధి తెలియదు. వీధి స్త్రీకి ఏ ఇంటి కోడలు ఎవరి మాట వింటుందో తెలుసు. టీకా గురించి నేర్చుకుంది. ఇమాముకు జనం విశ్వాసం ఉంది. దానిని పిల్లల మేలుకు వినియోగించాడు. జిల్లా అధికారి వీరు ముగ్గురినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి, చెప్పింది విని, తన పథకాన్ని సవరించుకున్నాడు. బృంద కృషి అంటే అందరూ ఒకే పని చేయడం అనుకుంటాం. ఒకరికి తెలియనిది మరొకరికి తెలుసునని ఒప్పుకోవడంలోనే దాని బలమంతా ఉంది.

ఇదే పద్ధతిని రమజాన్‌కు అన్వయిద్దాం. 2001లో 13 దేశాల్లో జరిపిన ఎపిడియార్ అధ్యయనంలో రెండవ రకం షుగర్ వ్యాధి ఉన్న ముస్లిముల్లో నూటికి సుమారు 79 మంది, మొదటి రకం ఉన్నవారిలో సుమారు 43 మంది రమజాన్‌లో కనీసం 15 రోజులు ఉపవాసం ఉన్నారని తేలింది. కాబట్టి "నువ్వు ఉపవాసం ఉండకూడదు" అని ఒక మాట అనేసి చీటీ చేతికిచ్చే డాక్టరు తన బాధ్యత తీరిందనుకోరాదు. రోగి తల ఊపుతాడు, ఇంటికి వెళ్లి రోజా ఉంటాడు. రమజాన్‌కు 6 నుంచి 8 వారాల ముందే రోగిని పరీక్షించి, ఎవరు ఉండవచ్చో, ఎవరికి ప్రమాదమో చెప్పి, మందుల వేళలను సహరీకి, ఇఫ్తార్‌కు అనుగుణంగా మార్చాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. రక్తంలో చక్కెర 70 కంటే పడిపోయినా, 300 దాటినా వెంటనే ఉపవాసం విరమించాలని కూడా అవి చెబుతున్నాయి.

ఇక్కడ ఇమాము పాత్ర డాక్టరు పాత్రకు తక్కువ కాదు. దివ్యఖుర్ఆన్ అల్ బఖరా సూరాలో రోగులకు, ప్రయాణికులకు ఉపవాసాలను వేరే రోజుల్లో పూర్తి చేసుకునే సౌలభ్యం అల్లాహ్ ఇచ్చాడు. అల్లాహ్ ఇచ్చిన సౌలభ్యాన్ని వాడుకోవడం విశ్వాసంలో లోపం కాదన్న మాట డాక్టరు నోట వింటే రోగికి సగం నమ్మకమే కలుగుతుంది. అదే మాట షాబాన్ నెలలో జుమా ప్రసంగంలో ఇమాము చెబితే ఇంటిల్లిపాదీ వింటారు. ఇన్సులిన్ విషయంలోనూ అంతే. ఒకప్పుడు ఇన్సులిన్‌ను పంది, ఆవు క్లోమం నుంచి తీసేవారు. 1982 నుంచి మానవ ఇన్సులిన్‌ను ప్రయోగశాలల్లో సూక్ష్మజీవుల సహాయంతో తయారు చేస్తున్నారు. ఈ ఒక్క వాక్యం మందుల కొట్టు దగ్గర ఫార్మసిస్టు చెప్పగలిగితే ఎన్నో ఇళ్లలో అనవసరమైన సందేహం తొలగిపోతుంది.

మరణం దగ్గర కూడా అవగాహన అవసరం. సూర్యాస్తమయం తరువాత పోస్టుమార్టం చేయరాదన్న పాత పద్ధతి వల్ల ఎన్నో కుటుంబాలు రాత్రంతా మార్చురీ ముందు కూర్చునేవి. 2021 నవంబరు 15న కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ ఈ పద్ధతిని మార్చింది. తగిన వెలుతురు, సదుపాయాలు ఉన్న ఆసుపత్రుల్లో రాత్రి వేళ కూడా పోస్టుమార్టం చేయవచ్చునని అనుమతించింది. హత్య, ఆత్మహత్య, అత్యాచారం, కుళ్లిన దేహం, అనుమానాస్పద మరణం వంటి వాటికి మినహాయింపు ఉంది. ఈ ఉత్తర్వు గురించి మన ఊళ్లలో ఎంతమందికి తెలుసు? మన కమిటీల్లో ఎంతమంది దగ్గర దాని ప్రతి ఉంది? హక్కు ఉండటం వేరు, అవసరమైన రాత్రి దాని కాగితం చేతిలో ఉండటం వేరు.

2020 నాటి గాయం కూడా ప్రస్తావించక తప్పదు. కోవిడ్ తొలి రోజుల్లో తబ్లీగీ జమాత్ పేరుతో ఒక సమాజాన్నంతటినీ రోగానికి కారకులుగా చిత్రించారు. ఏ సమాజానికీ, ఏ ప్రాంతానికీ వ్యాధి ముద్ర వేయరాదని 2020 ఏప్రిల్ 8న కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖే సూచన జారీ చేయవలసి వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ జమాత్ సభ్యులపై కేసులను కొట్టివేస్తూ వారిని బలిపశువులను చేశారని వ్యాఖ్యానించింది. మరోవైపు మృతదేహాల నిర్వహణపై 2020 మార్చిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు ఖననాన్ని నిషేధించలేదు. దేహాన్ని తాకకుండా ప్రార్థనలు జరుపుకోవచ్చునన్నాయి. ఆ కాగితం చదివిన అధికారి ఉన్న చోట జనాజా మర్యాదగా జరిగింది. చదవని చోట గొడవ జరిగింది. ఆ రోజుల్లోనే తిరుపతిలో ముస్లిం యువకులు మతంతో నిమిత్తం లేకుండా కోవిడ్ మృతులకు వారి వారి సంప్రదాయాల ప్రకారం అంత్యక్రియలు జరిపారు. ఇతరుల ఆచారాన్ని గౌరవించడమంటే ఏమిటో వారు చేసి చూపారు.

ఇప్పుడొక హెచ్చరిక. సాంస్కృతిక అవగాహన పేరుతో మనుషులను మూసలో పోయరాదు. "ముస్లిములంటే ఉర్దూ మాట్లాడతారు, ముస్లిం స్త్రీ అంటే ఇలా ఉంటుంది" అని ఒక జాబితా రాసి గోడకు అంటిస్తే అది కొత్త అజ్ఞానమవుతుంది. మన డెల్టాలో నూర్‌బాషా కుటుంబాలకు తెలుగే ఇంటి భాష. అదే వీధిలో ఉర్దూ తప్ప మరొకటి రాని అవ్వ ఉండవచ్చు. ఒక స్త్రీ మహిళా డాక్టరే కావాలంటుంది. మరొక స్త్రీ ఎవరైనా ఫరవాలేదు, నొప్పి తగ్గించండి అంటుంది. అమెరికాలో 1998లో మెలానీ టెర్వలాన్, జాన్ ముర్రే గార్సియా అనే ఇద్దరు వైద్యులు దీనికి సాంస్కృతిక వినయం అని పేరు పెట్టారు. నీకు అంతా తెలుసునని అనుకోకు, రోగినే అడుగు అన్నది దాని సారం. "మీకు ఏ భాష సులువు? పరీక్షకు ఎవరు పక్కన ఉండాలి? మందుల్లో, తిండిలో మాకు చెప్పవలసినది ఏమైనా ఉందా?" ఈ మూడు ప్రశ్నలకు ఒక నిమిషం చాలు. కోయ తల్లినీ ఇదే అడగాలి. కొండరెడ్డి వృద్ధుడినీ ఇదే అడగాలి. ఎగువ పల్లె నుంచి పడవ దిగి వచ్చిన గర్భిణికి తన భాష తెలిసిన మనిషి దొరకాలని మనం మాట్లాడకపోతే, మన స్త్రీకి తెర కావాలని అడిగే నైతిక బలం మనకు ఉండదు.

ఆసుపత్రిలో నాయకుడు ఎవరు? సూపరింటెండెంటు గదిలో కూర్చున్నవారే కాదు. రోగికి మొదట ఎదురయ్యేది గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు. తరువాత ఓపీ చీటీ రాసే గుమాస్తా. తరువాత అటెండరు, స్టాఫ్ నర్సు. డాక్టరు చివర. గేటు దగ్గర అవమానం జరిగితే డాక్టరు మర్యాద దానిని కడిగివేయలేదు. అందుచేత శిక్షణ డాక్టర్లతో మొదలై డాక్టర్లతో ఆగిపోకూడదు. సూపరింటెండెంటు చేయవలసిన పని నాలుగు మాటల్లో చెబుతాను. తాను స్వయంగా ఆ మర్యాద పాటించాలి. పెద్ద డాక్టరు పేషెంటును ఏకవచనంతో పిలిస్తే అటెండరు గారూ అనడు. చిన్న ఉద్యోగి చెప్పే మాట వినాలి. ప్రసూతి వార్డులో తెర చిరిగిందన్న సంగతి ముందు తెలిసేది ఊడ్చే ఆమెకే. ఫిర్యాదును శత్రుత్వంగా కాక సమాచారంగా తీసుకోవాలి. మంచి పద్ధతిని కాగితం మీద పెట్టాలి. అప్పుడే అది తన బదిలీ తరువాత కూడా బతుకుతుంది.

మార్గం లేకపోలేదు. వైద్య విద్యలో ప్రవర్తన, నైతికత, సంభాషణలను 2019 నుంచి పాఠ్యప్రణాళికలో భాగం చేశారు. 2023 సెప్టెంబరులో రాజమహేంద్రవరం, ఏలూరుల్లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. అక్కడి విద్యార్థులు మన పేటలకు, ఎగువ పల్లెలకు వచ్చి కుటుంబాలతో కూర్చుని మాట్లాడేలా ఆహ్వానించడం మన పని. ఆసుపత్రి అభివృద్ధి సంఘాల్లో స్థానికులకు చోటు ఉంటుంది. అక్కడ మన సమస్యను అరుపుతో కాక వివరంతో పెట్టాలి. ఆరోగ్యశ్రీగా 2007లో మొదలై నేడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకంలో రోగికి దారి చూపే సహాయకులు ఉన్నారు. వారితో పరిచయం పెంచుకోవాలి.

హక్కుల గురించి చెప్పిన నేను బాధ్యతల గురించి చెప్పకపోతే ప్రసంగం అసంపూర్తి. మన ఇళ్లలో గర్భిణిని ఆసుపత్రికి తీసుకువెళ్లాలంటే భర్త పని నుంచి రావాలి, అత్తగారు ఒప్పుకోవాలి. ఆ ఆలస్యానికి ఆసుపత్రిని నిందించలేము. వయోజన స్త్రీ చికిత్సకు ఆమె సమ్మతే ప్రధానమని చట్టం అంటుంటే, ఆమెను మాట్లాడనివ్వకుండా మనమే జవాబు చెబుతున్నాము. ప్రాణాపాయంలో మహిళా డాక్టరు అందుబాటులో లేనప్పుడు పురుష డాక్టరు చికిత్స చేయడానికి ధర్మం అడ్డు చెప్పదన్న సంగతి మన ఉలమా గట్టిగా చెప్పాలి. వార్డులోకి ఇరవై మంది బంధువులం ఒక్కసారి వెళ్లి పక్క మంచం రోగి నిద్ర చెడగొట్టడం మన హక్కు కాదు. మహిళా డాక్టర్లు కావాలని కోరే సమాజం తన ఆడపిల్లను పదవ తరగతితో ఆపేయరాదు. 2007 చట్టంతో వచ్చిన, 2010 మార్చి 25 నాటి సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలిచిన 4 శాతం రిజర్వేషన్ మన పిల్లలకు వైద్య, నర్సింగ్ కళాశాలల తలుపు తెరిచింది. ఆ తలుపులోకి మన కూతుళ్లను పంపడం మన చేతిలోనిదే.

నర్సింగ్‌ను తక్కువ పనిగా చూసేవారికి ఒక మాట. మదీనాలో గాయపడినవారికి ప్రవక్త (స) మస్జిద్‌లోనే గుడారం వేసి సేవ చేసిన రుఫైదా (ర) చరిత్ర మనకు ఉంది. ఖందఖ్ యుద్ధంలో గాయపడిన సఅద్ బిన్ ముఆజ్ (ర)ను ఆమె గుడారానికే చేర్చారు. అలాంటి వారసత్వం ఉన్న సమాజంలో ఆడపిల్ల తెల్ల కోటు వేసుకుంటానంటే పెళ్లి సంబంధాలు రావని అడ్డుపడటం తగదు.

చివరగా, ఈ సభ చప్పట్లతో ముగియకుండా ఉండాలంటే కొన్ని పనులు చేతికెత్తుకోవాలి. ప్రతి మస్జిద్ కమిటీ ఇద్దరిని, అందులో ఒకరు స్త్రీ కావాలి, ఆసుపత్రి సహాయకులుగా ఎంపిక చేసుకోవాలి. రోగుల హక్కుల పత్రం, రాత్రి పోస్టుమార్టం ఉత్తర్వు తెలుగులోనూ ఉర్దూలోనూ వారి దగ్గర ఉండాలి. షాబాన్ నెలలో ఇమాము, డాక్టరు కలిసి ఒక రోజు షుగర్, రక్తపోటు పరీక్షలు జరపాలి; అది మస్జిద్ ఆవరణలో జరిగినా ఊరందరికీ తెరిచి ఉండాలి. పోలవరం నుంచి రాజమహేంద్రవరం వరకు మన వాళ్లు వెళ్లే ఆసుపత్రుల్లో పరీక్ష గదికి తెర, పక్కన మహిళా సిబ్బంది ఉన్నారో లేదో మర్యాదగా అడిగి రాసుకోవాలి. లేకపోతే రాతపూర్వకంగా కోరాలి, ఉంటే కృతజ్ఞతగా ఒక ఉత్తరం రాయాలి. మంచి చేసిన నర్సుకు వచ్చిన ఒక ఉత్తరం పది ఫిర్యాదుల కంటే ఎక్కువ పని చేస్తుంది. ఈ సహాయకులు తమ సమాజానికి ఎంత అండగా ఉంటారో ఎగువ పల్లె నుంచి వచ్చిన కోయ కుటుంబానికీ అంతే అండగా ఉండాలి.

శివరాత్రికి ఈ రేవులో పడవ నడిపేవాడు, గజ ఈతగాడు, పోలీసు, డాక్టరు, తహసీల్దారు ఎవరి పని వారు చేస్తూనే ఒకరి కేక ఒకరు వింటారు. ఎక్కేవాడి కులమతాలు అడగకుండా అందరినీ క్షేమంగా ఒడ్డు దాటించాలన్నదే అక్కడి పట్టుదల. ఏడాదికొకసారి నదిలో చేయగలిగినది ఏడాది పొడవునా ఆసుపత్రిలో చేయలేమా? తన సంరక్షణలో ఉన్నవారి విషయంలో ప్రతి ఒక్కరూ జవాబుదారులేనన్న ప్రవక్త (స) బోధ ఇమాముకూ, సూపరింటెండెంటుకూ, గేటు దగ్గర గార్డుకూ సమానంగా వర్తిస్తుంది.

రోగులందరికీ అల్లాహ్ స్వస్థత ప్రసాదించుగాక. వారిని చూసుకునే చేతులకు ఓర్పునూ, నడిపించేవారికి వినే మనసునూ ఇచ్చుగాక. ఆమీన్.